మంచి టీచర్ ఏం చేస్తుంది?

తరగతిలో ఒక విద్యార్థిని రోజూ మొదటి పీరియడ్‌లో నిద్రపోతోంది. ఉపాధ్యాయురాలిగా మీరు ఏం చేస్తారు? ఒకటి, లేపి నిలబెడతారు. రెండు, తల్లిదండ్రులకు ఫిర్యాదు చేస్తారు. మూడు, కారణం తెలుసుకొని బోధనను ఆసక్తికరంగా మార్చుకుంటారు. నాలుగు, పడుకోనిస్తారు.

నేను నాలుగు పెట్టాను. టెస్టు అయిపోయాక కంప్యూటర్ జవాబులు చూపించినప్పుడు దాని పక్కన ఎర్రటి ఇంటూ గుర్తు ఉంది. మూడు పెట్టాలట.

నాకు ఒళ్లు మండిపోయింది. నా ఎనిమిదో తరగతిలో అచ్చం అలాంటి పిల్లే ఉంది. తల్లీ తండ్రీ పాలమూరు వైపు నుంచి వచ్చి బస్తీలో ఉంటున్నారు. తెల్లారకముందే కూలి అడ్డా మీదికి పోతారు. వంట చేసి, తమ్ముడికీ చెల్లెలికీ తినిపించి, వాళ్లను బడికి తయారు చేసి తను వచ్చేసరికి ఆ పిల్లకు కూర్చునే ఓపిక కూడా ఉండదు. మొదటి పీరియడ్ నాది. పడుకోనిస్తాను. రెండో పీరియడ్‌కు లేచి లెక్కలు చక్కగా చేస్తుంది. కారణం నాకు తెలుసు. నా పాఠాన్ని ఎంత ఆసక్తికరంగా మార్చినా ఆ వంట పని తగ్గదు. ఇదంతా ఆ ప్రశ్న కింద రాయడానికి చోటు లేదు. ఉన్నవి నాలుగు గుండ్రాలు. వాటిలో ఒకటి నొక్కి, నోరు మూసుకుని ముందుకు పోవాలి.

నేను ముషీరాబాద్ వైపు ఒక సర్కారు హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఉద్యోగంలో చేరి ఇరవై ఏళ్లు దాటింది. అప్పట్లో మాకు పోటీ పరీక్ష పెట్టారు, రాశాం, ర్యాంకు తెచ్చుకున్నాం, చేరాం. టెట్ అనే ఈ అర్హత పరీక్ష అప్పటికి పుట్టనే లేదు. ఇన్నేళ్ల తర్వాత, పాత టీచర్లు కూడా అది పాసవ్వాలని, గడువులోగా పాసవ్వకపోతే ఉద్యోగం వదులుకోవాలని తీర్పు వచ్చింది. రిటైర్మెంటు దగ్గర పడినవాళ్లు బతికిపోయారు. నాకు ఇంకా చాలా సర్వీసు ఉంది. నారాయణగూడలో ఇంటి కిరాయి నుంచి మా అత్తగారి మందుల దాకా అన్నీ నా జీతం మీదే నడుస్తాయి. ఇరవై ఏళ్లుగా నేను చేస్తున్న పని చేయడానికి నేను పనికొస్తానో రానో ఇప్పుడు ఒక కంప్యూటర్ తేలుస్తుందట. ఆ వార్త చదివిన రోజు స్టాఫ్ రూమ్‌లో అందరూ గట్టిగా అరుచుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే చాటుగా పుస్తకాలు కొనుక్కున్నారు.

నేనూ కొనుక్కున్నాను. బడి వదిలాక అశోక్‌నగర్‌లో ఒక పుస్తకాల దుకాణానికి వెళ్లి టెట్ పేపర్ టూ మెటీరియల్ అడిగితే, షాపతను చేతిలో కట్ట సర్దుకుంటూ, "పాపకా మేడం? బీఈడీ అయిపోయిందా?" అన్నాడు. అవునన్నాను. ఏ సబ్జెక్టు అని అడిగాడు. సోషల్ అన్నాను. "మంచిగ చదువుమను మేడం, ఈసారి కాంపిటీషన్ ఎక్కువుంది" అని ఉచిత సలహా కూడా ఇచ్చాడు. లేని కూతురి కోసం పుస్తకాలు మోసుకుంటూ బయటికి వచ్చాను. నా మీద నాకే చిరాకు వేసింది. నాకే అని చెప్తే ఏం పోయేది?

అక్కడే ఒక ప్రాక్టీస్ సెంటర్‌లో చేరాను. మేడ మీద ఇరుకు హాలు, వరుసగా కంప్యూటర్లు, అసలు పరీక్షలో ఎలా ఉంటుందో అలాగే. నూటయాభై ప్రశ్నలు, నూటయాభై నిమిషాలు. స్క్రీన్ మూలలో గడియారం వెనక్కి నడుస్తుంటుంది. జవాబు పెట్టిన ప్రశ్న నంబరు పచ్చగా మారుతుంది, చూసి వదిలేస్తే ఎర్రగా, మళ్లీ చూద్దామని గుర్తు పెట్టుకుంటే వంకాయ రంగులోకి. తప్పు జవాబుకు మార్కులు కోసేయరు కాబట్టి ఏదీ ఖాళీగా వదలకూడదు. ఇదీ లెక్క. పదో తరగతి పిల్లలకు ఏటా నేను చెప్పే మాటలే నాకు నేను చెప్పుకుని మొదలుపెట్టాను. వరుసగా రాయండి. ప్రశ్న మొత్తం చదవండి. తొందరపడొద్దు.

వరుసలో ముందు వచ్చేది శిశు వికాసం, బోధన పద్ధతులు, ముప్పై ప్రశ్నలు. అంటే పిల్లల గురించి, తరగతి గది గురించి. ఇది నా ఇలాకా అనుకున్నాను. అక్కడే మునిగాను. ప్రతి ప్రశ్నా నాకు ఒక పిల్లను గుర్తు చేసింది. ప్రతి జవాబు మీదా నాకు ఒక అభ్యంతరం ఉంది. వెనకబడిన పిల్లవాడిని ఏ బెంచీలో కూర్చోబెడతారు అని అడుగుతారు. ఎందుకు వెనకబడ్డాడో చెప్పరు. కళ్లు కనబడకపోతే ముందు బెంచీ, పక్కవాడు కొడుతుంటే వేరే బెంచీ, సిగ్గయితే స్నేహితుడి పక్కన. ఇవన్నీ ఆలోచించి, ఏదీ నచ్చక, వంకాయ రంగు పెట్టి ముందుకు పోయాను. ఆ ముప్పై ప్రశ్నలు దాటేసరికి సగం సమయం అయిపోయింది. తెలుగు, ఇంగ్లిష్ ఎలాగో లాగించాను. నా సొంత సబ్జెక్టు సోషల్‌కు వచ్చేసరికి గడియారంలో మిగిలింది చూస్తే నీళ్లు తాగే టైం కూడా లేదు. సగం ప్రశ్నలు తెరిచి చూడకుండానే స్క్రీన్ మూసుకుంది. ఫెయిల్.

పక్క కంప్యూటర్ ముందున్న అమ్మాయి నా వైపు తిరిగింది. జడ గట్టిగా లాగి కట్టుకుని, ఒళ్లో బ్యాగు పెట్టుకుని ఉంది.

"మేడం, మీరు పరీక్ష రాస్తలేరు. కంప్యూటర్ తోని కొట్లాడుతున్రు."

"నీకెట్ల తెలుసు?"

"పైకే తిడుతున్రు గదా. నాకు మొత్తం వినవడ్డది. నా రెండు ప్రశ్నలు పోయినయ్ మీ వల్ల."

క్షమాపణ చెప్పాలో, కోప్పడాలో తెలియలేదు. ఆ అమ్మాయిది నారాయణపేట దిక్కు ఒక పల్లె. బీఈడీ చేసి, అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్లో నలుగురితో ఒక గది పంచుకుని ఉంటోంది. టెట్ ఎప్పుడో పాసైంది. టీచర్ల ఎంపికలో టెట్ మార్కులకూ వాటా ఉంటుంది కాబట్టి, ఆ మార్కులు పెంచుకోవడానికి మళ్లీ మళ్లీ రాస్తోంది. నేను సర్వీసులో ఉన్న టీచర్నని చెబితే ఒక క్షణం నన్ను పైనుంచి కిందికి చూసి, "గందుకే ఇట్లయింది" అంది. రేపు సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీకి రమ్మంది.

బడి వదిలాక బస్సు పట్టుకుని వెళ్లాను. లోపల కుర్చీ దొరికే ప్రశ్నే లేదు. బయట చెట్ల కింద, మెట్ల మీద, బండ్లు ఆపే చోట, ఎక్కడ జాగా ఉంటే అక్కడ పిల్లలు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. ఆ అమ్మాయి ఒక బెంచీ చివర జరిగి నాకు చోటిచ్చింది. పలకరింపులూ గట్రా ఏం లేవు. నేరుగా పాఠంలోకి దిగింది.

"ముందుగాల సోషల్ జేయున్రి. మీకు వచ్చిందే గదా, పటపట అయిపోతది. తర్వాత తెలుగు. తర్వాత ఇంగ్లిష్. పిల్లల సైకాలజీ ఆఖరుకు."

"అదే కదా మొదట వచ్చేది. వరుసగా చేయొద్దా?"

"వరుసగ జేస్తే ఎవరన్న ఇనాం ఇస్తరా మేడం?"

తర్వాత ప్రశ్న ఎలా చదవాలో నేర్పింది. నాకు. తెలుగులో మాట తేలేది వాక్యం చివర. 'కింది వాటిలో భారత రాజ్యాంగం ప్రకారం ప్రాథమిక విధులకు సంబంధించి' అని సాగదీసి, చిట్టచివర 'సరికానిది ఏది' అంటారు. చదివే తొందరలో కన్ను ఆ చివరి దాకా పోకుండానే సరైనది కనబడి వేలు దాని మీద పడుతుంది. ఇంగ్లిష్‌లో చదివేవాళ్లకు ఈ బాధ తక్కువ. "ప్రశ్నను తోక దిక్కెల్లి చదువున్రి" అంది. ఇది మాత్రం నాకు నచ్చింది. ఆ రోజు నేను ఒప్పుకున్నది ఈ ఒక్కటే.

ఎందుకంటే ఆ తర్వాత బోధన ప్రశ్నలు తీసింది. నేను నిద్రపోయే పిల్ల సంగతి చెప్పాను. పూర్తిగా వింది. కళ్లలో ఏదో మెత్తబడినట్టు కూడా అనిపించింది. ఆమె అన్నది మాత్రం ఇది.

"ఆ పిల్ల సంగతి నాకు చెప్పున్రి, వింట. కంప్యూటర్‌కు చెప్పకున్రి. మీరు ఏం జేస్తరు అని అది అడుగుతలేదు మేడం. మంచి టీచర్ ఏం జేస్తది అని అడుగుతుంది."

"అంటే నేను మంచి టీచర్ని కాదా?"

"మీరు బడిల ఉన్న టీచర్. అది పుస్తకంల టీచర్. ఆమెకు పిల్లలు ఉండరు, ఆప్షన్లే ఉంటయ్."

ఆ పుస్తకంలో టీచర్ను పట్టుకునే ఉపాయం చాలా సులువు. శిక్ష, పోలిక, ఫిర్యాదు అన్న మాటలున్న జవాబులను చూడగానే కొట్టేయాలి. ఎల్లప్పుడూ, అందరూ, మాత్రమే అన్న మాటలున్నా కొట్టేయాలి. కారణం తెలుసుకోవడం, ప్రోత్సహించడం, కృత్యం, స్వేచ్ఛ అన్నవి కనబడితే నొక్కేయాలి. ప్రశ్న చదవాల్సిన పని కూడా లేదు. చదివితే అనుమానం వస్తుంది, అనుమానం వస్తే టైం పోతుంది. ముప్పై ప్రశ్నలకు పదిహేను నిమిషాలు చాలు. మిగిలిన పదిహేను నిమిషాలు నిజంగా ఆలోచించాల్సిన ప్రశ్నలకు.

"నిజంగా ఆలోచించాల్సినవి ఏవి మరి?"

"ఇంగ్లిష్ గ్రామర్."

నేను లేచి నిలబడ్డాను. పిల్లల గురించి ఆలోచించకుండా, ఇంగ్లిష్ వ్యాకరణం గురించి ఆలోచించి నేను టీచరునని రుజువు చేసుకోవాలా అని గట్టిగానే అన్నాను. పక్క బెంచీల వాళ్లు తలెత్తి చూశారు. "నువ్వు టీచర్ అయినంక గూడ గిట్లనే జేస్తవా?" అని అడిగాను.

"అయినంక సంగతి అయినంక సూస్త మేడం. ముందుగాల కావాలె గదా."

కోపంతో ఇంటికి వచ్చేశాను. కొన్నాళ్లు లైబ్రరీ వైపు పోలేదు. నా పద్ధతిలోనే చదివాను, నా పద్ధతిలోనే ప్రాక్టీస్ టెస్టులు రాశాను. ప్రతిసారీ కొద్దిలో పోయింది. ప్రతిసారీ పోయింది ఆ ముప్పై ప్రశ్నల దగ్గరే. మా అత్తగారు మంచం మీద నుంచి, "ఏమైందే, పిల్లల పేపర్లల్ల మార్కులు తక్కువొచ్చినయా?" అని అడిగేది. నావే అని చెప్పలేక వంటింట్లోకి పోయేదాన్ని. రాత్రి అన్నం తింటున్నా మనసులో గడియారం వెనక్కి తిరుగుతూనే ఉండేది. ఈ వయసులో ఉద్యోగం పోతే ఏ ప్రైవేటు స్కూలు నన్ను తీసుకుంటుంది? తీసుకున్నా ఎంత ఇస్తుంది?

మళ్లీ చిక్కడపల్లి వెళ్లాను. అమ్మాయి అదే బెంచీ మీద ఉంది. "అలిగి ఎన్ని రోజులు వేస్ట్ జేసిన్రు" అని మాత్రం అంది. మళ్లీ జరిగి చోటిచ్చింది.

పరీక్ష ఊరి చివర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పడింది. గేటు దగ్గర వరుసలో ముందు పాతికేళ్ల పిల్లలు, వెనక మేము. నా వయసు వాళ్లను ఇట్టే పట్టుకోవచ్చు. హాల్ టికెట్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి గుండెలకు ఆనించుకుని నిలబడ్డారు. ఒక సారు నా దగ్గరికి వచ్చి, "మేడం, మౌస్ కుడి బటనా, ఎడమ బటనా నొక్కాల్సింది?" అని మెల్లగా అడిగాడు. బట్టతల, తెల్ల చొక్కా, జేబులో ఎర్ర పెన్ను. ఎన్ని వేల జవాబు పత్రాలు దిద్ది ఉంటాడో ఆయన. ఎడమది అని చెప్పాను. ఆయన అవమానం చూడలేక పక్కకు తిరిగాను.

లోపల ఆమె చెప్పిన వరుసలోనే మొదలుపెట్టాను. సోషల్. పటపట అయిపోతుందంది కదా, కాలేదు. నాకు తెలిసిన సబ్జెక్టు కావడమే చిక్కు. నదుల మీద ఒక ప్రశ్నలో రెండు జవాబులు సరైనవే అనిపించాయి. పాత పాఠ్యపుస్తకంలో ఒకటి, కొత్తదానిలో ఒకటి. రెండూ నేను చెప్పిన పాఠాలే. ఏ పుస్తకం చూసి ప్రశ్న తయారు చేశారో ఊహిస్తూ కూర్చున్నాను. భూసంస్కరణల ప్రశ్నలో తోక చూడడం మరిచిపోయి సరైనదాన్ని నొక్కి, రెండు ప్రశ్నలు దాటాక గుర్తొచ్చి వెనక్కి పోయి మార్చాను. అలా పోయిన ప్రతి నిమిషం ఇంకెక్కడి నుంచో కోసుకోవాలి. వంకాయ రంగు గళ్లు పెరిగాయి. తెలుగు సాఫీగా పోయింది. ఇంగ్లిష్ గద్యాల దగ్గర చెమట పట్టింది. చివరికి బోధన విభాగం తెరిచేసరికి అనుకున్న పదిహేను నిమిషాలు కూడా మిగల్లేదు.

ఇక చదవలేదు. నిజంగా చదవలేదు. కళ్లు మాటల కోసం వెతికాయి, వేలు నొక్కింది. కారణం, నొక్కాను. ప్రోత్సాహం, నొక్కాను. శిక్ష, కొట్టేశాను. కృత్యం, నొక్కాను. ఆలస్యంగా వచ్చే పిల్లలు, ఏడ్చే పిల్లలు, అబద్ధం చెప్పే పిల్లలు, చదవలేని పిల్లలు నా కళ్ల ముందు నుంచి గడగడా వెళ్లిపోతున్నారు. ఒక్కరి ముఖం కూడా చూడలేదు. ఇరవై ఏళ్లలో ఏ పిల్లనూ అంత తొందరగా దాటిపోలేదు నేను. పళ్లు కొరుక్కుంటూ చేశాను. ఏడుపు కూడా వచ్చింది, కానీ తుడుచుకునే టైం లేదు. ఆ ముప్పై నంబర్లూ పచ్చబడ్డాక వెనక్కి పోయి, మిగిలిన వంకాయ రంగు గళ్లన్నింటికీ ఒకే ఆప్షన్ పెట్టుకుంటూ పోయాను. రెండో, మూడో మిగిలి ఉండగా స్క్రీన్ దానంతటదే మూసుకుంది.

పాసయ్యాను. గట్టెక్కాను అంతే, గొప్ప మార్కులేం కావు. విభాగాల వారీగా చూస్తే నా సొంత సబ్జెక్టు సోషల్‌లో అనుకున్నదానికంటే చాలా తక్కువ. తెలుగులో ఫరవాలేదు. ఇంగ్లిష్‌లో అంతంత మాత్రం. అన్నింటికంటే మంచి మార్కులు వచ్చింది బోధనలో. నేను చదవకుండా రాసిన ముప్పైలో ఇంచుమించు అన్నీ రైటు.

మా హెడ్మాస్టరు ఆ మార్కులు చూసి స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ మెచ్చుకున్నారు. "చూశారా, సైకాలజీలో ఎన్నొచ్చాయో. అనుభవం ఎక్కడికి పోతది చెప్పండి" అన్నారు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వింటుంటే కుర్చీలో ముళ్ల మీద కూర్చున్నట్టు అనిపించింది. ఉద్యోగం నిలబడ్డ సంతోషం లేదని కాదు. ఉంది. ఆ రోజు ఇంటికి పోతూ చాలా రోజుల తర్వాత తిన్నగా ఊపిరి తీసుకున్నాను. కానీ ఆ సంతోషం పక్కనే ఈ మంట కూడా ఉంది. అది ఇప్పటికీ తగ్గలేదు.

మర్నాడు సాయంత్రం నారాయణగూడలో ఒక స్వీటు పెట్టె తీసుకుని లైబ్రరీకి వెళ్లాను. అమ్మాయి ఇంగ్లిష్ గ్రామర్ చేస్తోంది. పాసయ్యానని చెబితే తలూపింది. ముఖంలో సంతోషం కనబడింది, వెంటనే పెన్నుకు మూత పెట్టింది కూడా.

"నీకెన్ని వచ్చినయ్?" అని అడిగాను.

"పోయినసారి కంటే రెండు తగ్గినయ్. పాతవే ఉంచుకుంట." పుస్తకం మూస్తూ, "మా రూమ్ల తిట్టిన్రు మేడం నన్ను. ఆమెకెందుకు నేర్పుతున్నవే, గిసొంటోళ్లు ఫెయిలైతేనే గదా ఖాళీలు వచ్చేది అన్నరు" అంది.

ఇన్నాళ్లూ నా కుర్చీ గురించి నేను పడ్డ భయమే నాకు తెలుసు. అదే కుర్చీని ఇంకెవరో హాస్టల్ గదిలో కూర్చుని ఖాళీల లెక్కలో వేసి చూస్తున్నారన్న సంగతి తట్టనే లేదు.

"నువ్వు గూడ అట్ల లెక్కేసినవా?" అని అడిగాను.

"ఏసిన మేడం. ఎందుకు ఏయను?"

"మరెందుకు నేర్పినవ్?"

ఆమె ఆలోచించింది. నేను ఏదో మంచి మాట కోసం ఎదురుచూశానని ఒప్పుకోవాలి.

"మీరు పోయినా ఆ పోస్టు నాకే వస్తదని ఏమున్నది?" అంది మామూలుగా. నా చేతిలో పెట్టె తీసుకుని మూత తెరిచి, తను ఒకటి తీసుకుని, బెంచీ మీద ఉన్నవాళ్లకు అందించింది. ఎదురుగా చెట్టు మొదట్లో కూర్చున్న ఒకతను తలెత్తి, "ఏం ఖుషీ అక్కా, నోటిఫికేషన్ పడ్డదా?" అన్నాడు.

"లేదన్నా. ఒక పోస్టు తగ్గింది. తినున్రి."

అందరూ నా వైపు చూశారు. విషయం అర్థమైంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు, ఒకమ్మాయి "కంగ్రాట్స్ మేడం" అని మళ్లీ పుస్తకంలోకి వంగింది. పెట్టె బెంచీ బెంచీకీ తిరిగి ఖాళీ అయి నా దగ్గరికి వచ్చింది. ఒక్కరు కూడా వద్దనలేదు.